రైట్ చెప్పే గొంతు

మా ఊరి పెద్దల సంఘం వాళ్లు ఇచ్చిన బ్యాడ్జీ ఇప్పటికీ మా బీరువా తలుపుకి లోపలివైపు వేలాడుతోంది. పైన నా ఫొటో, కింద ఎర్ర అక్షరాల్లో 'సీనియర్ మెంటర్' అని ఉంటుంది. దాన్ని మెళ్లో వేసుకున్నది మూడుసార్లు. మూడుసార్లూ ఫొటో కోసమే. ఒక్కసారి తప్ప, ఫొటో అయిపోగానే తీసి సంచిలో పడేసుకునేదాన్ని, ఆ తాడు మెడ దగ్గర గీరుకునేది.

నేను తిరువూరు డిపోలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఎక్కువకాలం విజయవాడ రూట్లోనే తిరిగాను. నాకు నోరెక్కువని డిపోలో పేరు. ఆ పేరు అబద్ధమని నేనెప్పుడూ అనలేదు. పెళ్లిళ్ల సీజన్లో కాలు పెట్టడానికి చోటు లేని బస్సులో వెనక తలుపు దగ్గర్నుంచి డ్రైవరు దాకా మాట వినబడాలంటే చిన్న గొంతుతో కుదరదు. రిటైరయ్యాక ఆ గొంతుకి పని లేకుండా పోయింది. ఆదివారం చర్చిలో పాటలకి కాస్త పనికొచ్చేది. మిగతా ఆరు రోజులూ ఇంట్లో మా ఆయన మీద ప్రయోగించేదాన్ని. ఆయనే ఒకరోజు, ఊళ్లో పెద్దవాళ్ల సంఘం ఏదో పెడుతున్నారట, వెళ్లి చేరకూడదూ అన్నాడు. నా మీద ప్రేమతో అన్నాడో, తన చెవులు కాపాడుకోడానికి అన్నాడో తెలియదు.

సంఘం ఉద్దేశం మంచిదే. రిటైరైనవాళ్లు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోకుండా తమకి తెలిసిన పని నలుగురికీ నేర్పాలని, ఊళ్లో అవసరమున్నవాళ్లకి అండగా నిలబడాలని కరపత్రంలో రాశారు. అది చదివి నేను నిజంగానే సంతోషపడ్డాను. చీర ఇస్త్రీ చేయించుకుని మరీ మొదటి మీటింగుకి వెళ్లాను.

మీటింగులు నెలకోసారి, రెండో శనివారం, ఒక మిల్లు యజమానిగారి కల్యాణ మండపంలో జరిగేవి. పైన భోజనాల హాల్లో బల్లలు గోడకి జరిపి కుర్చీలు వేసేవాళ్లు. అధ్యక్షులవారు పెద్ద హోదాలో రిటైరైన మనిషి. ఏ హోదా అన్నది నేను చెప్పనక్కర్లేదు, ఆయన్ని అడిగితే చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. మొదటిరోజు మా అందరికీ తలో కాగితం ఇచ్చి నింపమన్నారు. పేరు, చేసిన ఆఖరి ఉద్యోగం, హోదా, పొందిన సన్మానాలు, అవార్డులు. సన్మానాలు రాసుకోడానికి నాలుగు గీతలు వదిలారు. మీకేం పని వచ్చు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. వెనకవైపు ఉందేమోనని కాగితం తిప్పి కూడా చూశాను.

ఉద్యోగం దగ్గర 'కండక్టర్' అని రాశాను. అధ్యక్షులవారు అది చదివి, "రవాణా రంగంలో విశేష సేవలు అని రాద్దాంలేమ్మా" అన్నారు. నేను టికెట్లు కొట్టానండి అన్నాను. ఆయన నవ్వి, నా వినయానికి మెచ్చుకున్నారు. వినయం అన్న మాట నా గురించి ఎవరైనా వాడటం నా జీవితంలో అదే మొదటిసారి.

తర్వాత ఆరు నెలల్లో మా సంఘం చేసిన సేవ చెబుతాను. జూనియర్ కాలేజీ పిల్లల్ని ఎండలో లైను కట్టించి తీసుకొచ్చి, టైము విలువ మీద ఉపన్యాసం ఇప్పించాం. ఇవ్వాల్సినాయన గంట ఆలస్యంగా వచ్చాడు. ఆరోగ్యం మీద సదస్సు పెట్టి, తీపి తగ్గించండని చెప్పి, చివర్లో అందరికీ మైసూర్‌పాక్ పంచాం. జీవితంలో గెలవడం ఎలా అని ఒక పెద్దమనిషి రెండు గంటలు దంచాడు. ఆయన గెలిచిందల్లా ట్రాన్స్‌ఫర్లు తప్పించుకోవడంలోనే అని, ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన గుమాస్తా వెనక వరసలో నా చెవిలో చెప్పాడు. ప్రతిసారీ శాలువాలు, ప్రతిసారీ ఫొటోలు. నన్ను మహిళా విభాగం కన్వీనర్ని చేశారు. మహిళా విభాగంలో ఉన్నది నేనొక్కదాన్నే. విభాగం పని టీలు అందించడం. మానేద్దామని ప్రతి నెలా అనుకుంటూనే ప్రతి నెలా వెళ్లేదాన్ని. ఇంట్లో ఏం చేస్తాను మరి?

ఏప్రిల్ మీటింగుకి ఆ అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్ఫై అయిదేళ్లుంటాయి. చెప్పులు బయట విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మం దగ్గరే నిలబడింది. చూడగానే గుర్తుపట్టాను. మా సెంటర్లో రోజూ పొద్దున పసుపు రంగు స్కూలు బస్సు ఆగుతుంది. దాని వెనక తలుపు దగ్గర నిలబడి పిల్లల్ని చెయ్యి పట్టి ఎక్కించి, అందరూ ఎక్కాక 'రైట్' అని కేకేసే ఆయా ఆ అమ్మాయే. ఆ కేక విన్నప్పుడల్లా, పర్వాలేదు, గొంతుంది అనుకునేదాన్ని.

అధ్యక్షులవారు పిలిస్తే వచ్చి తన సంగతి చెప్పింది. వాళ్లది గంపలగూడెం వైపు పల్లె. భర్త షేర్ ఆటో తోలేవాడు. మామిడికాయల కోతకి వెళ్లి చెట్టు మీంచి పడి నడుము దెబ్బతింది. రెండేళ్లు ఆ ఆటో తనే తోలింది, అలా చిన్న బళ్ల లైసెన్సు ఉంది. తర్వాత ఆటో కూడా పోయింది, ఆయాగా చేరింది. ఇప్పుడు స్కూలు బస్సు డ్రైవరు ఈ ఏడాదితో మానేస్తున్నాడు. కరస్పాండెంట్‌గారిని ధైర్యం చేసి అడిగింది. బడులు తెరిచేలోగా హెవీ లైసెన్సు తెచ్చుకుంటే ఆ సీటు నీదే, లేకపోతే విస్సన్నపేట నుంచి ఒకతను రెడీగా ఉన్నాడు అన్నాడాయన. ఏ పని కావాలన్నా పెద్దవాళ్లు దగ్గరుండి నేర్పుతారని మా ఫ్లెక్సీ మీద చదివి వచ్చింది. ఆ ఫ్లెక్సీ చదివి మా దగ్గరికి వచ్చిన మొదటి మనిషి, నాకు తెలిసి ఆఖరి మనిషి కూడా.

అధ్యక్షులవారు లేచి మైకు అందుకున్నారు. ఎదురుగా ఉన్నది ఒక్క మనిషి, అయినా మైకు కావాలి. స్త్రీ శక్తి గురించి, ఝాన్సీ రాణి గురించి, అంతరిక్షంలోకి వెళ్లిన ఆడవాళ్ల గురించి అరగంట మాట్లాడారు. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని అంతా శ్రద్ధగా వింది. చప్పట్లు అయ్యాక అడిగింది.

"అది సరేనండి. బండి ఎవరు నేర్పుతారండి?"

ఒకాయన గొంతు సవరించుకుని, ఆడపిల్లకి అంత పెద్ద బండి ఎందుకమ్మా, కుట్టుమిషను శిక్షణ అయితే మనవాళ్లతో మాట్లాడి ఏర్పాటు చేయిస్తాం అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చేతిలో టీ ట్రే ఉంది, లేకపోతే ఇంకేమనేదాన్నో. నేను నేర్పిస్తాను అన్నాను. కండక్టరు డ్రైవింగు నేర్పడం ఏంటని రెండో వరసలో ఎవరో నవ్వారు. నేర్పేవాణ్ని తీసుకొచ్చే పూచీ నాది, మీరు టీ తాగండి అని ట్రే బల్ల మీద పెట్టేశాను.

నేర్పేవాడంటే మా డ్రైవరు. పదకొండేళ్లు ఆయన తోలిన బండిలో నేను కండక్టర్ని. నాకన్నా రెండేళ్లు ముందు రిటైరయ్యాడు. నేను అన్నయ్యా అంటాను, ఆయన నన్ను మేడమ్ అంటాడు. పదకొండేళ్లలో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపినా నేను ఒక ట్రిప్పులో మాట్లాడినంత ఉండవు. ఇంటికెళ్లి సంగతి చెబితే, నేర్పడం నాకు రాదు మేడమ్ అన్నాడు. ఉపన్యాసం ఇవ్వడం రాకపోతే చాలు, మిగతాది వస్తుంది అన్నాను. కళ్లజోడు తుడుచుకుని చెప్పులేసుకున్నాడు.

బండి కావాలి కదా. ఇక్కడ అధ్యక్షులవారికి రావాల్సిన మర్యాద ఇచ్చేస్తాను. ఆయన కరస్పాండెంట్‌గారికి ఒక్క ఫోను చేశారు. సెలవుల్లో ఊరికే నిలబెట్టి ఉంచే స్కూలు బస్సుల్లో పాతది ఒకటి మాకు ఇచ్చారు. ఆ ఒక్క ఫోనూ లేకపోతే ఏమీ జరిగేది కాదు. కాకపోతే ఆ ఫోను చేసిన సంగతి చెప్పడానికి ఆయన తర్వాత చేసిన ఫోన్లు ఓ వందైనా ఉంటాయి. లెర్నింగ్ లైసెన్సు, కాగితాల తిరుగుడు ఆ అమ్మాయే చూసుకుంది.

పొద్దున్నే, ఎండ ముదరకముందు, స్కూలు గ్రౌండులో మొదలుపెట్టాం. మా డ్రైవరు ఎడమపక్క ఇంజను దగ్గర కూర్చునేవాడు. తప్పు చేస్తే గోటితో డాష్‌బోర్డు మీద ఒకసారి కొట్టేవాడు. పెద్ద తప్పైతే రెండుసార్లు. ఏం తప్పు చేసిందో ఆ అమ్మాయే కనుక్కోవాలి. నన్ను మాత్రం బస్సు మధ్యలో నిలబడమన్నాడు. కడ్డీ పట్టుకోవద్దన్నాడు. కండక్టరు తూలితే డ్రైవరు తప్పు, ఇది ఆయన సర్వీసంతా పెట్టుకున్న లెక్క. మా రోజుల్లో ఆయన బండిలో నేను రెండు చేతుల్తో టికెట్లు కొట్టుకుంటూ తిరిగేదాన్ని, ఒక్కసారి కూడా కడ్డీ మీద చెయ్యి వెయ్యాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు నా మోకాళ్లు అరిగిపోయినా, తూలకుండా నిలబడటం మాత్రం మర్చిపోలేదు. మొదటి వారం ఆ అమ్మాయి నన్ను సీట్ల మీదకి, కిటికీల మీదకి విసిరేసింది. మూడో వారానికి నేను నిలబడి నారింజ తొక్క తీసుకోగలిగాను.

మే నెలలో రోడ్డెక్కాం. విస్సన్నపేట రోడ్డులో ఎత్తుపల్లాలున్నాయి. సీజను కదా, మామిడికాయల లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. ఎత్తులో బండి ఆపించి, వెనక్కి జారకుండా కదపమనేవాడు మా డ్రైవరు. ఆ అమ్మాయి చేతులకి చెమట పట్టేది, చున్నీతో స్టీరింగు తుడుచుకునేది, కానీ భయం మొహంలో కనబడనిచ్చేది కాదు. ఆమెకి బండి వచ్చేసిందని నాకు ఆ ఎత్తు మీదే తెలిసింది.

ఇక్కడ మా బళ్లలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. డ్రైవరు తనంతట తాను బండి కదపడు. వెనక ఎవరి కాలు మెట్టు మీద ఉందో, ఎవరి చీర కొంగు తలుపులో ఇరుక్కుందో అతనికి కనబడదు. కండక్టరు చూసి 'రైట్ రైట్' అన్నాకే కదలాలి. 'హోల్డాన్' అంటే ఆపాలి. నేను అలవాటు కొద్దీ మొదటిరోజే గ్రౌండులో రైట్ రైట్ అన్నాను. బండి కదిలింది. రెండోరోజూ అన్నాను. ఆ తర్వాత ఆ నెలంతా ఆ బస్సు నా మాట లేకుండా ఒక్కసారి కూడా కదల్లేదు. మా ముగ్గురిలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. నాదీ డ్రైవరుదీ ఆ పద్ధతిలో బతికిన బతుకు. ఆ అమ్మాయేమో ఇన్నేళ్లూ వెనక తలుపు దగ్గర నిలబడి ఆ మాట చెప్పిన మనిషి. చెప్పేది ఒకరు, కదిపేది ఇంకొకరు అన్నది మాకు పుట్టుకతో వచ్చినట్టు ఉండేది.

ఒప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ మాట కోసమే నేను పొద్దున్నే లేచేదాన్ని. రిటైరయ్యాక నాలుగేళ్లు నా మాటకి ఏదీ కదల్లేదు. మా ఆయన కూడా కదిలేవాడు కాదు. అంత బండి, నేను రైట్ అనగానే ఊగి ముందుకు వెళుతుంటే నాకు ఇరవై ఏళ్లు తగ్గినట్టుండేది. అవసరం లేని చోట కూడా 'హోల్డాన్' అని ఆపించి, మళ్లీ రైట్ అన్న రోజులున్నాయి.

టెస్టు రోజు ముగ్గురం వెళ్లాం. అక్కడికి అధ్యక్షులవారు కూడా ఇంకో ఆరుగురు సభ్యులతో కారులో దిగారు. వెంట బ్యానరు తెచ్చారు. 'పెద్దల అండ, మహిళకు జెండా' అని దాని మీద రాసి ఉంది. జెండా ఎందుకో నాకు ఇవాళ్టికీ తెలియదు. గ్రౌండు పక్కన రెండు వేపచెట్లకి దాన్ని కట్టి, మమ్మల్ని వరసగా నిలబెట్టారు. మా డ్రైవరు నీళ్లు తాగొస్తానని జారుకున్నాడు. నేను బ్యాడ్జీ వేసుకుని నిలబడ్డాను. నిలబడ్డానంటే ఇష్టంగానే నిలబడ్డాను.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మంచి మనిషే. నింపాదిగా ఎక్కి, పక్కన కూర్చుని, స్టార్ట్ చెయ్యమ్మా అన్నాడట. ఆ అమ్మాయి స్టార్ట్ చేసింది. ఆయన కాగితాలు చూసుకుంటున్నాడు. ఈమె చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చుంది. ఆయన తలెత్తి చూశాడు. ఈమె అద్దంలోకి చూస్తోంది. భయపడుతోందేమోనని కాసేపు ఆగి, పోనివ్వమ్మా అన్నాడు. ఆ మాటకి ఉలిక్కిపడి క్లచ్చి వదిలేసింది, బండి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి కొంత దూరం బాగానే తోలింది. మధ్యలో ఆపమన్నాడు, ఆపింది. అంతే, మళ్లీ కూర్చుండిపోయింది. ఎత్తు దగ్గరా అంతే. ఆపిన ప్రతిచోటా ఎవరికోసమో చూస్తూ కూర్చునేది. చివరికి ఆయన కాగితం మీద రాసేసి, బండి చేతిలోనే ఉందిగా, కదలడానికేంటమ్మా నీకు అని అడిగాడు.

"రైట్ చెప్పలేదు కదండీ" అంది.

ఎవరు చెప్పాలి అన్నాడు. ఆ అమ్మాయి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నన్ను చూపించింది. అప్పుడు నేను బ్యానరు కింద, అధ్యక్షులవారికి ఎడమపక్కన, ఫొటోకి నవ్వుతున్నాను.

వారం ఆగి రమ్మన్నారు. అప్పటికి బడులు తెరవడానికి పది రోజులే ఉన్నాయి. అధ్యక్షులవారు ఆ అమ్మాయి భుజం తట్టి, ఓటమి విజయానికి మెట్టు అని చెప్పి కారెక్కారు. తిరుగు ప్రయాణంలో మా డ్రైవరు బండి తోలాడు. ఆ అమ్మాయి వెనక సీట్లో తల దించుకుని కూర్చుంది. నేను మాత్రం ఊరుకోలేదు. ఇన్‌స్పెక్టర్ ఆ మాత్రం అర్థం చేసుకోకూడదా అన్నాను. బ్యానరు కట్టి అల్లరి చేసిన పెద్దమనుషుల్ని తిట్టాను. నీకైనా బుద్ధుండొద్దా, అక్కడ నేనెలా చెబుతాననుకున్నావు అని ఆ అమ్మాయి మీద కూడా నోరు పారేసుకున్నాను. మా డ్రైవరు బండి పక్కకి తీసి ఆపాడు.

"ఆ అమ్మాయికి బండి వచ్చు మేడమ్. మీరు లేకుండా కదలడం మనం నేర్పలేదు."

పదకొండేళ్లలో ఆయన నన్ను తప్పుపట్టడం అదే మొదటిసారి. నన్ను ఇక్కడే దింపెయ్యండి అన్నాను. దింపేశాడు. మార్కెట్ యార్డు దగ్గర్నుంచి ఇంటిదాకా ఎండలో నడిచాను. ముందు ఆయన మీద కోపంతో నడిచాను. కొంత దూరం పోయాక మోకాళ్లు నొప్పెట్టి ఒక కొట్టు అరుగు మీద కూర్చుంటే, అధ్యక్షులవారు గుర్తొచ్చారు. ఎదురుగా ఒక్క మనిషి ఉంటే కూడా మైకు పట్టుకునే మనిషి అని ఆర్నెల్లుగా ఆయన్ని వెక్కిరిస్తున్నాను. నేను చేసిందేమిటి? నాకు మైకు అక్కర్లేదు, అంతే తేడా. ఒక మనిషి సీటు పోయేలా ఉంది, అది నా గొంతు నాకు ముద్దనిపించినందుకు. సిగ్గేసింది. మెళ్లో బ్యాడ్జీ ఇంకా ఉందని అప్పుడు చూసుకున్నాను. తీసి సంచిలో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గ్రౌండుకి వెళ్లాను. ఇద్దరూ అప్పటికే బస్సులో ఉన్నారు. బస్సెక్కి మధ్యలో నిలబడ్డాను. నోట్లో ఒక ఎండు ఉసిరిముక్క వేసుకున్నాను. గట్టిగా ఉంటుంది, అది ఉన్నంతసేపు మాట రాదు. ఆ అమ్మాయి స్టార్ట్ చేసి అద్దంలో నన్ను చూసింది. నేను కిటికీవైపు తిరిగి, ప్రహరీగోడ మీద రాసిన అక్షరమాల చదవడం మొదలుపెట్టాను. ళ, క్ష, ఱ దాకా వచ్చాను, బండి కదల్లేదు. మళ్లీ అ నుంచి మొదలుపెట్టాను. నాలుక దురద పుట్టి ఉసిరిముక్కని ఇటునుంచి అటు తిప్పుతున్నాను. ఆగలేక చెయ్యి కాస్త పైకి లేపబోయాను. మా డ్రైవరు డాష్‌బోర్డు మీద గోటితో రెండుసార్లు కొట్టాడు. ఆ రెండూ నాకే.

చెయ్యి దించుకున్నాను. ఆ అమ్మాయి కుడి అద్దం చూసింది, ఎడమ అద్దం చూసింది, వెనక్కి తిరిగి తలుపు చూసింది. మళ్లీ ముందుకి తిరిగింది. బండి కదిలింది.

నేను తూలి పడ్డాను. కాలు సీటు కడ్డీకి కొట్టుకుంది. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, నా జన్మలో నేను ఎక్కిన ఏ డ్యూటీ బండీ నాకు తెలియకుండా కదల్లేదు. రైట్ అనేది నేనే కాబట్టి ఎప్పుడు కదులుతుందో నా కాళ్లకి ముందే తెలిసేది. తూలకుండా నిలబడతానని ఇన్నాళ్లూ నేను చెప్పుకున్న గొప్పలో సగం దానిదే. ఆ అమ్మాయి బ్రేకు వేసి, దెబ్బ తగిలిందా అమ్మా అని అడిగింది. నోట్లో ఉసిరిముక్క ఉంది కాబట్టి తల అడ్డంగా ఊపాను. వారమంతా అలాగే చేశాం. నాకు కాళ్ల మీద నాలుగు చోట్ల కమిలింది. ఉసిరిముక్కలు డబ్బాలో సగం అయిపోయాయి. రోజు రోజుకీ ఆ అమ్మాయి అద్దంలో నన్ను వెతకడం తగ్గింది. శుక్రవారానికి నేను బండిలో ఉన్న సంగతే మర్చిపోయింది. అది చూసి నాకు కొంచెం బాధగానే ఉంది, దాచుకోను.

రెండోసారి టెస్టుకి నేను వెళ్లలేదు. మీరు రావద్దు మేడమ్ అని మా డ్రైవరు చెప్పకముందే, నేను రాను అన్నయ్యా అని చెప్పేశాను. సంఘంలో ఎవరికీ తేదీ చెప్పలేదు. ఇంట్లో కందిపప్పు చాటలో పోసుకుని, బాగున్న పప్పుని కూడా ఏరుతూ కూర్చున్నాను. పదకొండు దాటాక ఆ అమ్మాయి ఫోను చేసింది. ఇన్‌స్పెక్టర్‌గారు కూర్చుని ఫైలు తెరిచేలోపే బండి కదిపేశానమ్మా, కాస్త ఆగమ్మా తల్లీ అన్నారు అని నవ్వుతోంది. ఫోను పెట్టేశాక మా ఆయన నా మొహం చూసి, ఏంటి, ఏడుస్తున్నావా అన్నాడు. పప్పులో దుమ్ము అన్నాను.

ఫోను నేను చెయ్యకపోయినా సంగతి అధ్యక్షులవారికి చేరింది. అలాంటివి ఆయనకి చేరతాయి. వెంటనే సన్మాన సభ పెట్టారు. సన్మానం నేర్చుకున్న మనిషికనుకునేరు, మెంటర్లకి. మా డ్రైవరు రాలేదు. ఆ అమ్మాయి, స్కూలు బస్సు సర్వీసింగ్ చేయించాలి, కుదరదండి అని చెప్పేసింది. వేదిక మీద నేనూ, ఏమీ చెయ్యని ఎనిమిదిమందీ కూర్చున్నాం. వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. తిరిగి చూశాను. మొదటి టెస్టు రోజు తీసిన ఫొటో అది. అందరం వరసగా నవ్వుతున్నాం. మా వెనక, దూరంగా, పసుపు బస్సు ఆగి ఉంది. ఆ బస్సులో ఆ అమ్మాయి నా మాట కోసం ఎదురుచూస్తోంది. ఆ క్షణాన్నే ఫొటో తీశారు, దాన్నే ఇంటి గోడంత పెంచి కట్టారు, దాని కిందే శాలువా కప్పుతున్నారు.

రెండు మాటలు చెప్పమని నాకు మైకు ఇచ్చారు. ఆ ఫొటోలో బండి ఆగి ఉంది, చూడండి, మనవల్లే ఆగింది అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం విని కొట్టారో వాళ్లకే తెలియాలి. నేను శాలువా కుర్చీ మీద వదిలేసి మెట్లు దిగి వచ్చేశాను. తర్వాత మీటింగులకి వెళ్లలేదు. మహిళా విభాగం రద్దయిందని విన్నాను.

బడులు తెరిచిన రోజు పొద్దున సెంటర్లో కూరగాయలకని వెళ్లాను. కూరగాయలు ఇంట్లో ఉన్నాయి, అయినా వెళ్లాను. బస్సు వచ్చి ఆగింది. ఆ అమ్మాయి డ్రైవరు సీట్లో ఉంది, చొక్కా కొత్తది, కాలరు బిగుసుకుని ఉంది. నన్ను చూసింది, కానీ చెయ్యి ఊపలేదు. బండి మీద ఉన్నప్పుడు ఊపకూడదు కూడా. వెనక తలుపు దగ్గర కొత్త ఆయా, నలభై ఏళ్ల మనిషి, మొదటి రోజు. పిల్లలందరినీ ఎక్కించింది. తలుపు వేసింది. చెప్పాల్సిన మాట తెలుసు, సెంటర్లో అంతమంది ముందు గొంతు పెగలడం లేదు. బస్సు వెనక ఒక లారీ, రెండు ఆటోలు హారన్లు మొదలుపెట్టాయి. ఆ ఆయా చుట్టూ చూసి, ఎవరైనా చెబుతారేమోనన్నట్టు నావైపు చూసింది.

నేను తలుపుకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట, ఊరంతా వినబడేలా చెప్పగలను. అద్దంలో డ్రైవరు సీటు కనబడుతోంది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు, వెనక్కి తిరిగి అరవలేదు. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని, ముందుకి చూస్తూ ఆగింది. పిల్లలు వెనక ఉన్నప్పుడు ఆగాలి, ఆగింది. నేను పక్కనున్న అరటిపళ్ల బండి వైపు తిరిగి, పళ్లు పండాయా అని నొక్కి చూస్తూ నిలబడ్డాను. హారన్ల మధ్య, చాలా సన్నగా, 'రైట్' అని వినబడింది. బస్సు కదిలింది.

ఆ రోజు నా నోట్లో ఉసిరిముక్క లేదు.